క్రోమ్-జిర్కోనియం రాగి తీగ: బలం వస్తోంది, కండక్టివిటీ 68 దగ్గర ఆగిపోతోంది

కొలిమి_రాజు
కావాల్సింది 2 మి.మీ. తీగ. బలం 500 ఎంపీఏ (మెగాపాస్కల్స్) దాటాలి, కండక్టివిటీ 80% ఐఏసీఎస్ (శుద్ధ ఎనీల్డ్ రాగిని 100గా తీసుకునే కొలత) ఉండాలి. వస్తున్నది 560 ఎంపీఏ, 68%. బలం మిగులు, కండక్టివిటీ తరుగు.

చేస్తున్న పని ఇది. ఇండక్షన్ ఫర్నేస్‌లో 60 కిలోల చార్జి. క్రోమియం 0.7%, జిర్కోనియం 0.1% లక్ష్యం. క్రోమియం 10% మాస్టర్ అల్లాయ్‌గా (రాగిలో ముందే కలిపిన మిశ్రమం), జిర్కోనియం చివర్లో ఆర్గాన్ కింద. పోత, హాట్ రోలింగ్, 8 మి.మీ. రాడ్. 980 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (క్రోమియం, జిర్కోనియం రాగిలో కరగడానికి), వెంటనే నీళ్లలో ముంచి క్వెంచ్. అక్కడి నుంచి 2 మి.మీ. దాకా మధ్యలో ఎనీలింగ్ (వేడిచేసి మెత్తబరచడం) లేకుండా డ్రాయింగ్ (డైల రంధ్రాల గుండా లాగి సన్నబరచడం). చివరికి 450 డిగ్రీల దగ్గర గంట ఏజింగ్ (కరిగిన మూలకాలు సన్న రేణువులుగా బయటికొచ్చేలా వేడిలో ఉంచడం), నైట్రోజన్‌లో, 40 కిలోల కాయిల్ ఒకేసారి.

ఏజింగ్ టైం పెంచితే బలం పడిపోతుందేమోనని ముందుకెళ్లలేదు. ఎక్కడ పట్టుకోవాలి?

డై_గురువు
మూడు అంకెలు పెట్టండి, అప్పుడు మాట్లాడదాం. క్వెంచ్ అయిన రాడ్ కండక్టివిటీ ఎంత, డ్రాయింగ్ అయ్యాక ఎంత, ఏజింగ్ తర్వాత ఎంత. చివరి అంకె ఒక్కటే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

మిల్లీఓమ్_రమణి
ఆ మూడూ ఎలా కొలిచారో కూడా చెప్పాలి. నాలుగు ప్రోబులతోనేనా (కరెంటుకు రెండు, వోల్టేజికి రెండు)? గదిలో ఉష్ణోగ్రత ఎంత?

కొలిమి_రాజు
క్వెంచ్ తర్వాత 41. డ్రాయింగ్ తర్వాత 39. ఏజింగ్ తర్వాత 68.
నాలుగు ప్రోబులు, 1 మీటరు ముక్క, 1 ఆంపియర్. గది 33 డిగ్రీలు, 0.00393 గుణకంతో 20 డిగ్రీలకు సరిచేశాను. వ్యాసం మైక్రోమీటరుతో.

మిల్లీఓమ్_రమణి
రెండు సంగతులు. 0.00393 అనేది 100% ఐఏసీఎస్ రాగికి. అల్లాయ్‌లో మలినాల వల్ల వచ్చే నిరోధం వేడితో దాదాపు మారదు, మారేది రాగి వాటా ఒక్కటే. అందుకే గుణకాన్ని కండక్టివిటీతో గుణించాలి: 0.00393 × 0.68 = 0.00267. 13 డిగ్రీల తేడాకు మీరు 5.1% కలిపారు, కలపాల్సింది 3.5%. అంటే మీ తీగ అసలు అంకె 68 కాదు, 67.

రెండోది వ్యాసం. డై అరిగి తీగ కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే మైక్రోమీటరు పట్టుకోదు. వ్యాసంలో 1% తప్పు కండక్టివిటీలో 2% తప్పు. ఆ మీటరు ముక్కనే మిల్లీగ్రాము తక్కెడలో తూచి, పొడవుతోనూ 8.89 సాంద్రతతోనూ భాగిస్తే అడ్డుకోత వైశాల్యం నికరంగా వస్తుంది. ఆ తర్వాత చూసుకుంటే 1 చదరపు మి.మీ., 1 మీటరు, 80% తీగకు 21.55 మిల్లీఓమ్‌లు చూపించాలి. మీ 2 మి.మీ. తీగకైతే 6.86.

కొలిమి_రాజు
తూకం పద్ధతి రేపే చేస్తాను. 67 అనుకునే మాట్లాడదాం.

మాటిసన్_శిష్యుడు
39 నుంచి 67కు వచ్చిందంటే ఏజింగ్ పనిచేస్తోంది, కానీ సగంలో ఆగింది. లేదా పూర్తయినా ఇంకేదో అడ్డుపడుతోంది. ఈ రెంటినీ విడదీయాలి. లెక్క ఇలా వేయండి.

శుద్ధ ఎనీల్డ్ రాగి నిరోధకత 1.724 మైక్రోఓమ్-సెం.మీ. అదే 100%. మీ 67 అంటే 2.573. మీరు కోరే 80 అంటే 2.155. మధ్య తేడా 0.42. రాగిలో కరిగి ఉన్న ప్రతి మూలకం ఈ అంకెను తన వంతు పెంచుతుంది, అవన్నీ కూడుకుంటాయి. బరువులో 1 శాతానికి సుమారుగా: వెండి 0.35, జింక్ 0.29, కాడ్మియం 0.17, తగరం 1.65, నికెల్ 1.2, క్రోమియం 4.9, సిలికాన్ 7, ఇనుము 10.6, ఫాస్ఫరస్ 14.3. అంటే మీ 0.42 ఎక్కడి నుంచైనా రావచ్చు:

క్రోమియం 0.086% ఇంకా కరిగే ఉండిపోవడం వల్ల, లేదా
ఇనుము 0.04% వల్ల, లేదా
ఫాస్ఫరస్ 0.03% వల్ల.

మొదటిదైతే ఏజింగ్‌తో పోతుంది. మిగతా రెండూ ఏ కొలిమిలో ఎంతసేపు పెట్టినా పోవు. తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. 30 సెం.మీ. ముక్క కోసి 550 డిగ్రీల దగ్గర 6 గంటలు పెట్టి, కొలిమిలోనే మెల్లగా చల్లారనివ్వండి. బలం పోతుంది, పోనివ్వండి. కరిగి ఉన్న క్రోమియం దాదాపు అంతా అవక్షేపంగా బయటికొస్తుంది. మంచి చార్జి అయితే 85 దాటాలి. దాటలేదంటే దోషం ఏజింగ్‌ది కాదు, కరిగించిన లోహానిది.

తుక్కు_సాంబ
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చార్జిలో రాగి ఏది? కేథోడా (విద్యుత్ విశ్లేషణతో శుద్ధి చేసిన రాగి పలక), తుక్కా?

కొలిమి_రాజు
సగం కేథోడ్. సగం శుభ్రమైన ఏసీ పైపుల తుక్కు, నూనె కడిగి వేస్తున్నాం.

తుక్కు_సాంబ
దొరికింది. ఏసీ పైపులు ఎంత మెరిసినా ఫాస్ఫరస్‌తో ఆక్సిజన్ తీసిన రాగి అది. బ్రేజింగ్‌లో హైడ్రోజన్ తగిలి చిట్లకుండా కావాలనే 0.015 నుంచి 0.040% ఫాస్ఫరస్ వదులుతారు. కొత్త పైపే మామూలుగా 85% ఐఏసీఎస్ చుట్టుపక్కల ఉంటుంది. దీనికి తోడు అతుకులు. రాగి-ఫాస్ఫరస్ బ్రేజింగ్ రాడ్‌లో సుమారు 7% ఫాస్ఫరస్ ఉంటుంది. ఉదాహరణకు 60 కిలోల చార్జికి 0.016% ఎక్కాలంటే 9.6 గ్రాముల ఫాస్ఫరస్ చాలు, అంటే 137 గ్రాముల బ్రేజింగ్ ముద్దలు. పైపు కొసల్లో గుప్పెడు అతుకులు కోయకుండా వదిలేస్తే సరిపోయె.

డై_గురువు
సాంబ గారూ, తొందరపడి తీర్పు ఇవ్వకండి. 40 కిలోల కాయిల్‌కు గంట ఏజింగ్ ఏమిటి? 450 అన్నది కొలిమి గోడ దగ్గరి థర్మోకపుల్ చెప్పే మాట. కాయిల్ నడిబొడ్డు 450కి చేరేసరికే గంట అయిపోతుంది. తీగ చుట్టల మధ్య గాలి సందులు ఉంటాయి, వేడి లోపలికి పాకదు. ఫ్యాన్ లేని కొలిమిలో మరీ కష్టం. వాక్యూమ్ కొలిమి అయితే ఇంకా ఘోరం, 450 దగ్గర రేడియేషన్ బలహీనం. నా ఓటు కాయిల్‌కే.

మాటిసన్_శిష్యుడు
దానికీ చవకైన పరీక్ష ఉంది. కాయిల్‌తో పాటు అదే తీగ విడి ముక్క ఒకటి ట్రేలో పెట్టండి. రెంటి మధ్య తేడా ఎంతో అంత కాయిల్ బరువు వల్ల వచ్చినది.

కొలిమి_రాజు
రెండు పరీక్షలూ అయ్యాయి, తూకంతో, సరైన గుణకంతో.
కాయిల్ నుంచి: 67.
అదే ట్రేలో విడి ముక్క: 73, బలం 545.
550 దగ్గర 6 గంటలు పెట్టిన ముక్క: 76.
స్పెక్ట్రో (మూలకాల విశ్లేషణ) రిపోర్టు కూడా తెప్పించాను. ఫాస్ఫరస్ 0.016, ఇనుము 0.009, క్రోమియం 0.66, జిర్కోనియం 0.04.

మాటిసన్_శిష్యుడు
ఇద్దరూ గెలిచారు. 67 నుంచి 73 దాకా కాయిల్ తప్పు. 76 దగ్గర కప్పు కట్టింది ఫాస్ఫరస్, ఇనుము. 0.016 × 14.3 = 0.23, 0.009 × 10.6 = 0.095, మొత్తం 0.32. 87 రావాల్సిన తీగ నిరోధకత 1.98 ఉంటుంది, దానికి ఇది కలిపితే 2.30, అంటే 75%. మీకు 76 వచ్చింది. కొంత ఫాస్ఫరస్ కరగకుండా ఫాస్ఫైడ్‌గా పట్టుబడి ఉంటుంది.

జిర్కోనియం 0.1 లక్ష్యం పెట్టుకుంటే 0.04 మిగిలింది చూడండి. అసలు చింత అక్కడ. జిర్కోనియం ఆక్సిజన్ కనపడితే వదలదు, ఫాస్ఫరస్‌నూ పట్టుకుంటుంది. అది తగ్గితే క్రోమియం అవక్షేపాలు ముతకగా పెరుగుతాయి, వేడిలో తీగ త్వరగా మెత్తబడుతుంది.

గ్రాఫైట్_గోపి
కరిగించే పద్ధతి మార్చాలి. వరుస ఇది:

కేథోడ్ మాత్రమే. నోడ్యూల్స్ ఉన్న అంచులు కోసేయండి, అక్కడ సల్ఫేట్ ఇరుక్కుని ఉంటుంది. ఎండబెట్టిన బొగ్గు కప్పి కరిగించండి. తడి బొగ్గు వేస్తే హైడ్రోజన్ ఎక్కి పోతలో బుడగలు వస్తాయి. ఆక్సిజన్ తీయడానికి ఫాస్ఫరస్ రాగి జోలికి పోవద్దు, కాల్షియం బోరైడ్ గాని లిథియం గాని వాడండి. 1200 డిగ్రీల దగ్గర క్రోమియం మాస్టర్ అల్లాయ్ వేసి కలపండి. విడి క్రోమియం వేయకండి. దాని ద్రవీభవనం 1907 డిగ్రీలు, రాగిలో మెల్లగా కరుగుతుంది, కరగని గుండ్లు తర్వాత తీగను తెంపుతాయి. ఇప్పుడు బొగ్గు పూర్తిగా తీసేసి, ఆర్గాన్ కప్పి జిర్కోనియం మాస్టర్ అల్లాయ్ వేయండి. బొగ్గు ఉండగా వేస్తే కార్బైడ్ అవుతుంది. 0.15 వేస్తే 0.1 దక్కవచ్చు. వేసిన రెండు మూడు నిమిషాల్లో పోత మొదలైపోవాలి.

ఇనుప కడ్డీతో కలుపుతున్నారా? ఆ 0.009 అక్కడిదే. గ్రాఫైట్ కడ్డీ వాడండి.

కొలిమి_రాజు
ఇనుప కడ్డీయే, పైన పూత ఉంది. మారుస్తాను.

తుక్కు_సాంబ
పూత మూడో హీట్‌కే పోతుంది. ఏసీ పైపుల్ని పారేయక్కర్లేదు, ఇత్తడి పోత వాళ్లకు అమ్మండి, మంచి ధరే వస్తుంది.

ఓహెచ్‌ఈ_శ్రీను
ఇంత గొడవ ఎందుకండీ? రైల్వే కాంటాక్ట్ వైర్లలో (రైలు ఇంజను కరెంటు తీసుకునే పైతీగ) చేసినట్టు మెగ్నీషియం 0.5% వేయండి. సొల్యూషన్ ట్రీట్‌మెంట్ లేదు, ఏజింగ్ లేదు. అప్‌కాస్ట్ రాడ్ (కరిగిన లోహం నుంచి నేరుగా పైకి లాగిన పోత రాడ్) తీసి, కన్ఫార్మ్ ఎక్స్‌ట్రూజన్ (తిరిగే చక్రంతో డైలోంచి నొక్కడం) చేసి, డ్రా చేస్తే అయిపోయింది. 120 చదరపు మి.మీ. తీగలోనే 490 ఎంపీఏ పైన వస్తుంది.

డై_గురువు
కండక్టివిటీ? 62 కనీసం అని స్పెక్‌లో ఉంటుంది. మహా అయితే రెండు మూడు ఎక్కువ. ఆయన అడిగింది 80.

ఓహెచ్‌ఈ_శ్రీను
అయితే మెగ్నీషియం 0.2. 77 దాటుతుంది.

డై_గురువు
అప్పుడు బలం తగ్గుతుంది. తిరిగి మొదటికే వచ్చాం కదా. కరిగి ఉండే మూలకంతో బలం తెస్తే ప్రతి ఎంపీఏకూ కండక్టివిటీలో అద్దె కట్టాల్సిందే. అవక్షేపంతో తెస్తే ఆ మూలకం రాగిలోంచి బయటికి పోతుంది, అద్దె తగ్గుతుంది. క్రోమ్-జిర్కోనియం కోసం ఇంత పాట్లు పడేది అందుకే.

ఓహెచ్‌ఈ_శ్రీను
ఒప్పుకుంటా, కానీ వాడేచోటును బట్టి చూడాలి. కాంటాక్ట్ వైరుకు బలం ఎందుకంటే టెన్షన్ కోసం. పాంటోగ్రాఫ్ (ఇంజను మీద కరెంటు తీసుకునే చేయి) తోసినప్పుడు తీగలో పుట్టే అల వేగం టెన్షన్‌ను మీటరు బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. రైలు ఆ వేగంలో 70% దాటితే తీగ అదుపు తప్పి ఊగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. మన దగ్గర మామూలుగా 107 చదరపు మి.మీ. హార్డ్ డ్రాన్ రాగి, 1000 కిలోల టెన్షన్, పైన 65 చదరపు మి.మీ. కాడ్మియం రాగి కేటనరీ (కాంటాక్ట్ వైరును మోసే తీగ), 19 పోగులు 2.10 మి.మీ. చొప్పున. అల వేగం గంటకు 365 కి.మీ. వస్తుంది, 70% అంటే 255. 160 వేగానికి ఢోకా లేదు. 120 చదరపు మి.మీ. మెగ్నీషియం రాగిని 27 కిలోన్యూటన్లతో లాగితే అల 570 దాకా వెళ్తుంది, 70% అంటే 400. మెత్తని తీగను అంత లాగలేం.

2007 ఏప్రిల్ 3న ఫ్రాన్స్‌లో టీజీవీ 574.8 కి.మీ. వేగం అందుకున్నప్పుడు 150 చదరపు మి.మీ. తగరం రాగి తీగను 40 కిలోన్యూటన్లకు బిగించారు. అల వేగం లెక్కేస్తే 620 చిల్లర వస్తుంది. అంటే 70% గీత దాటి చాలా పైన నడిపారు. రికార్డు పరుగు కాబట్టి చెల్లింది, రోజువారీ సర్వీసుకు పనికిరాదు.

మాటిసన్_శిష్యుడు
జపాన్ షింకాన్‌సెన్ లైన్లలో పీహెచ్‌సీ అని వాడేది క్రోమ్-జిర్కోనియం-సిలికాన్ రాగియే. అంటే కాంటాక్ట్ వైర్లలోనూ అవక్షేపం దారి ఉంది. కిలోమీటరు పైన పొడవున్న తీగను ఒకే తీరుగా సొల్యూషన్ చేసి క్వెంచ్ చేయడమే ఖర్చు.

బాలాపూర్_బుజ్జి
కాడ్మియం రాగిని మరిచిపోయారా? 1% కాడ్మియం, 80% పైన కండక్టివిటీ, చక్కటి బలం, ఏజింగ్ అక్కర్లేదు. పైన పట్టికలో 0.17 చూడండి, అన్నిటికంటే తక్కువ.

గ్రాఫైట్_గోపి
దయచేసి చిన్న షాపులో ఎవరూ ముట్టుకోవద్దు. కాడ్మియం 767 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, రాగి కరిగేది 1085 దగ్గర. వేసిన క్షణం నుంచి ఆవిరై లేస్తుంది, గోధుమ రంగు పొగ. మొదట జ్వరం లాగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరేది గంటల తర్వాత. మిగిలింది కిడ్నీల్లో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. ఎలక్ట్రానిక్స్‌కు వెళ్లే తీగ అయితే యూరప్ నియమం ప్రకారం 0.01% మించకూడదు కూడా. బెరీలియం రాగి పొడి సంగతీ అంతే. గ్రైండింగ్ తడిగానే చేయాలి, గాలి లాగేసే ఏర్పాటు ఉండాలి.

సింహాద్రి_స్పూల్
వాడేచోటు వేడిగా ఉంటుందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. చల్లగా ఉంటే వెండి 0.1% హార్డ్ డ్రాన్ రాగి కూడా చూడవచ్చు, 97 దాకా కండక్టివిటీ. కానీ 500 ఎంపీఏ కష్టం.

కొలిమి_రాజు
తీగ 250 డిగ్రీల దాకా వేడెక్కే చోటికి వెళ్తుంది. అప్పుడప్పుడు 300.

సింహాద్రి_స్పూల్
అయితే మెగ్నీషియం రాగి కథ ముగిసింది. కోల్డ్ వర్క్‌తో (చల్లగా లాగడంతో) వచ్చిన బలం 300 దగ్గర మెల్లగా కరిగిపోతుంది. క్రోమ్-జిర్కోనియమే సరి. ఇంకా వేడికి, 500 డిగ్రీలు దాటి పోవాలంటే అల్యూమినా కణాలున్న రాగి ఉంది. 0.3% అల్యూమినాతో 92% కండక్టివిటీ. ఆ కణాలు రాగిలో కరగవు కాబట్టి ఎంత వేడికీ ముతకబడవు. కానీ అది పౌడర్ దారి, ఇండక్షన్ ఫర్నేస్‌లో పుట్టదు.

డై_గురువు
రాజు గారూ, 980 దగ్గర సొల్యూషన్ పెడుతున్నారు కదా. పోత దిమ్మెను నేరుగా అంత వేడికి తీసుకెళ్తున్నారా? రాగి-జిర్కోనియం యూటెక్టిక్ (ఆ రెంటిలో అన్నిటికంటే తక్కువ వేడికి కరిగే పాళ్ల మిశ్రమం) 972 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పోతలో జిర్కోనియం గింజల అంచులకు చేరి ఉంటే అక్కడ చెమ్మ పట్టినట్టు కరిగి, హాట్ రోలింగ్‌లో మూలలు చిట్లుతాయి. ముందు 940 దగ్గర కొన్ని గంటలు నానబెట్టి సర్దుకోనిస్తే, ఆ తర్వాత 980కి భయం ఉండదు. మీరిప్పుడు జిర్కోనియం 0.1కు పెంచబోతున్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

క్వెంచ్‌లో ఒక గుర్తు. రాడ్ తలుపు దాటి నీళ్లలో పడేలోపు ఎర్రదనం తగ్గకూడదు. క్వెంచ్ తర్వాత 41 వచ్చింది కదా, అది మంచి అంకె. 50 చూపిస్తే మాత్రం క్రోమియం అప్పటికే ముతకగా బయటికొచ్చేసిందని లెక్క. కండక్టివిటీ బాగుందని మురిసిపోతే ఏజింగ్‌లో బలం రాదు. ఇక్కడ అంకె తక్కువ ఉండటమే ఆరోగ్యం.

ఎంటెక్_మహి
ఒక సందేహం. క్రోమియం గరిష్ఠంగా 0.65-0.7% కరుగుతుందంటారు కదా, అదీ 1076 దగ్గర. 980 దగ్గర ఇంకా తక్కువ. మరి 0.66 వేయడం దేనికి?

మాటిసన్_శిష్యుడు
మంచి ప్రశ్న. 980 దగ్గర కరిగేది 0.4 చుట్టుపక్కలే. మిగతాది మైక్రాన్ సైజు గింజలుగా ఉండిపోతుంది. కండక్టివిటీకి వాటి వల్ల పెద్ద నష్టం లేదు, సొల్యూషన్‌లో రాగి గింజలు పెరగకుండా అడ్డుకుంటాయి. కానీ 2 మి.మీ. కంటే సన్నగా లాగాలంటే అవే శత్రువులు. సన్న తీగకు క్రోమియం 0.35 నుంచి 0.45 చాలు.

సన్నతీగ_సత్యం
ఇది నా దగ్గరికి వచ్చింది. ఇదే అల్లాయ్ 0.5 మి.మీ.కు లాగితే కప్పు-కోను ఆకారంలో తెగుతోంది. ఒక కొస గుంటగా, ఒక కొస మొనగా. పైన గీతలు లేవు.

డై_గురువు
తెగినచోటుకు అటూ ఇటూ ఉన్న తీగను నిలువుగా కోసి పాలిష్ పట్టి చూడండి. నడిమధ్యలో బాణం ములుకుల్లాంటి చీలికలు వరుసగా కనపడితే సెంటర్ బర్స్ట్. డై కోణం ఎక్కువై, కోత (ఒక్కో డైలో తగ్గే వైశాల్యం) తక్కువైతే వస్తుంది. తీగ పైపొర మాత్రమే సాగి, నడిమిది లాగబడి చిరుగుతుంది.

డెల్టా (డై కోణానికీ కోతకూ ఉన్న పొంతన) లెక్క వేయండి. సగకోణాన్ని రేడియన్లలో తీసుకుని పాస్ కోతతో భాగించి, (1 + √(1 - కోత)) వర్గంతో గుణించాలి. 8 డిగ్రీల సగకోణం, 10% కోత అయితే 5.3 వస్తుంది, ప్రమాదం. 6 డిగ్రీలు, 20% కోత అయితే 1.9, నిశ్చింత. 3 లోపల ఉంచండి. గట్టి అల్లాయ్ కదా అని భయపడి చిన్న చిన్న కోతలు పెట్టుకుంటారు చాలామంది, తెగేది అందుకే.

సన్నతీగ_సత్యం
ఇప్పుడున్న డైలు 8 డిగ్రీలు, కోత 11-12%.

డై_గురువు
ఇంకేం. మార్చండి. 8 నుంచి 2 మి.మీ.కు వైశాల్యం 16వ వంతుకు తగ్గుతుంది. 20% చొప్పున 13 డైలు చాలు. 1 మి.మీ. కింద కార్బైడ్ వదిలేసి పాలీక్రిస్టలైన్ డైమండ్‌కు వెళ్లండి.

గ్రాఫైట్_గోపి
డై మార్చినా తెగితే తెగిన గుంట అడుగున చూడండి, మచ్చ ఉంటుంది. జిర్కోనియం ఆక్సైడ్ అయితే పోతలో సెరామిక్ ఫోమ్ ఫిల్టర్ పెట్టాలి. 8 మి.మీ. రాడ్ పైపొర 0.2 మి.మీ. చెక్కితే రోలింగ్‌లో నొక్కుకుపోయిన పొలుసు కూడా పోతుంది.

ఎంటెక్_మహి
1000 ఎంపీఏ, 80% రెండూ కలిపి ఎవరైనా సాధించారా?

మాటిసన్_శిష్యుడు
దగ్గరికి వచ్చారు. అందరూ అయస్కాంతాల వాళ్లే. 60 టెస్లా పల్స్ కాయిల్‌లో అయస్కాంత ఒత్తిడి 1.43 గిగాపాస్కల్స్, 100 టెస్లాకు 4. తీగే తనను తాను చించుకుంటుంది. అందుకే వాళ్లకు గత్యంతరం లేదు.

ఒక దారి రాగి-వెండి, 24% వెండి. పోతలో వెండి దారాలుగా ఏర్పడేలా చేసి, మధ్య మధ్య వేడి చేస్తూ విపరీతంగా లాగుతారు. జపాన్‌లో త్సుకుబా వాళ్లు 1990ల్లో 1 గిగాపాస్కల్ దగ్గర 80% చుట్టుపక్కల తెచ్చారు. కిలోకు 240 గ్రాముల వెండి, లెక్క మీరే వేసుకోండి.

రెండోది రాగి-నయోబియం. రెండూ ఒకదానిలో ఒకటి దాదాపు కరగవు కాబట్టి రాగి శుద్ధంగానే ఉంటుంది. రాగి గొట్టంలో నయోబియం కడ్డీ పెట్టి లాగి, ఆరుపలకల ముక్కలు కోసి, 85 ముక్కలు కట్టకట్టి మళ్లీ లాగుతారు. మూడుసార్లు చేస్తే 6,14,125 పోగులు. పోగుల మధ్య దూరం పదుల నానోమీటర్లకు వచ్చాక బలం అమాంతం పెరుగుతుంది. 1978లో హార్వర్డ్‌లో బెవ్క్ బృందం పోతగా తీసిన రాగి-18% నయోబియంలోనే 2.2 గిగాపాస్కల్స్ చూపించింది. కానీ రాగిలో ఎలక్ట్రాన్ గుద్దుకోకుండా పోయే దూరం 40 నానోమీటర్లే. పోగులు అంతకంటే దగ్గరైతే ప్రతి సరిహద్దులోనూ గుద్దుకుంటుంది, కండక్టివిటీ 60-70కి దిగుతుంది. లాస్ అలమోస్‌లో 2012 మార్చిలో 100 టెస్లా దాటించిన అయస్కాంతం వెనక ఇలాంటి తీగల మీద ఏళ్ల పని ఉంది.

బాలాపూర్_బుజ్జి
నానో ట్విన్ రాగి (స్ఫటికంలో నానో దూరాల్లో అద్దం ప్రతిబింబంలాంటి పొరలున్నది)? 2004లో చైనా వాళ్లు 1068 ఎంపీఏ, కండక్టివిటీ శుద్ధ రాగికి దాదాపు సమానం అని వేశారు కదా.

మాటిసన్_శిష్యుడు
నిజం, అందమైన పని. ట్విన్ సరిహద్దు డిస్‌లొకేషన్‌ను (లోహం సాగేలా కదిలే స్ఫటిక లోపాన్ని) ఆపుతుంది, ఎలక్ట్రాన్‌ను దాదాపు ఆపదు. కానీ అది విద్యుత్ నిక్షేపంతో పెంచిన పల్చటి రేకు. కిలోమీటర్ల తీగగా లాగితే ఆ ట్విన్లు చెదిరిపోతాయి. సూత్రం నేర్చుకోవడానికే అది, తీగ అమ్మడానికి కాదు.

సింహాద్రి_స్పూల్
మహీ, ప్రాజెక్టుకు నమూనాలు కావాలంటే కంచన్‌బాగ్‌లో ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉంది, నాన్-ఫెర్రస్ లోహాల మీదే పని. కాలేజీ లెటర్‌తో రాసి చూడు.

కొలిమి_రాజు
కొత్త చార్జి వివరాలు. కేథోడ్ మాత్రమే, గ్రాఫైట్ కడ్డీ, 940 దగ్గర నానబెట్టాక 980. ఫాస్ఫరస్ 0.001 లోపు, ఇనుము 0.003, క్రోమియం 0.45, జిర్కోనియం 0.09. కాయిల్‌ను 12 కిలోలకు తగ్గించి, చుట్టల మధ్య థర్మోకపుల్ దూర్చి, అది 450 చూపించాక రెండు గంటలు లెక్కపెట్టాం. బయటి చుట్ట 82, లోపలి చుట్ట 81. బలం 535.

తుక్కు_సాంబ
శభాష్.

మాటిసన్_శిష్యుడు
ఇంకొంచెం బలం కావాలంటే 3 మి.మీ. దగ్గర ఏజింగ్ చేసి, అక్కడి నుంచి 2కు లాగండి. 580 దాటవచ్చు, కండక్టివిటీ ఒకటి రెండు తగ్గుతుంది. కానీ 300 డిగ్రీల వాడకం అన్నారు కాబట్టి ఇప్పుడున్న వరుసే మేలు. చివరి డ్రాయింగ్‌తో వచ్చిన బలం వేడికి నిలవదు.

కొలిమి_రాజు
అలాగే ఉంచుతాను. 12 కిలోల కాయిల్ అయ్యేసరికి కొనుగోలుదారు అతుకులు ఎక్కువయ్యాయంటున్నాడు. ఏజింగ్ అయిన తీగను బట్ వెల్డ్ చేయవచ్చా?

సన్నతీగ_సత్యం
కరెంటు బట్ వెల్డ్ వద్దు. అతుకు దగ్గర మళ్లీ సొల్యూషన్ అయిపోతుంది, అక్కడ బలం, కండక్టివిటీ రెండూ పడతాయి. బ్రేజింగ్ చేస్తే సాంబ గారు ఊరుకోరు. 2 మి.మీ. తీగకు కోల్డ్ వెల్డింగ్ యంత్రం దొరుకుతుంది. కొసలు శుభ్రంగా కోసి, చెయ్యి తగలకుండా బిగించి, నాలుగైదు సార్లు నొక్కి పాత ముఖాలు అంచుకు నెట్టేయాలి. కానీ ఏజ్ అయిన తీగలో అది కష్టంగా పడుతుంది, డ్రాయింగ్ అయి గట్టిపడ్డ తీగలోనూ అంతే.

అందుకే అతుకు 8 మి.మీ. దగ్గర, క్వెంచ్ అయిన మెత్తని రాడ్‌కే వేయండి. తర్వాత డ్రాయింగ్, ఏజింగ్ రెండూ అతుకు మీదుగానే జరుగుతాయి కాబట్టి అక్కడా అంకెలు దగ్గరగా వస్తాయి. పొడవాటి తీగను 12 కిలోలు పట్టే బాబిన్ల మీద తెంపకుండా వరుసగా చుట్టి, బాబిన్ల మధ్య వేడిగాలి తిరిగే సందు వదిలి ఒకేసారి కొలిమిలో పెట్టండి. ఉక్కు బాబిన్ అయితే రంధ్రాలున్నది తీసుకోండి.

డై_గురువు
అతుకు ఉబ్బును ఆకురాయితో కాకుండా చెక్కుడు డైతో తీయండి. ఆకురాయి పొడి తీగలో దిగితే 2 మి.మీ. దగ్గర తెగేది అక్కడే.